బొత్తాల డబ్బా: గొడుగు ఎవరు కుట్టారు?

పోయినవారం కథ ఎక్కడ ఆగిందో మర్చిపోయినవాళ్ళ కోసం రెండు ముక్కలు. సోమవారం. టైలరక్క షాపుకి సెలవు. షట్టరు సగం దించి, కటింగ్ బల్ల చుట్టూ ఐదుగురు కూర్చున్నారు. ఆరేళ్ళుగా ప్రతి సోమవారం కూర్చుంటున్నవాళ్ళే. వారంలో చూసిన సినిమాకి పదికి ఇన్ని అని చీటీ మీద రాసి, మడిచి, బొత్తాల డబ్బాలో వెయ్యాలి. చీటీలన్నీ చదివేదాకా ఎవరూ నోరు విప్పకూడదు. తర్వాత ఎంతసేపైనా కొట్టుకోవచ్చు. సాయంత్రం ఐదింటికల్లా మార్కులకి సగటు కట్టి పలక మీద రాసి షాపు బయట తగిలిస్తారు. వీధి చివర హాల్లో ఆరింటి ఆటకి వెళ్ళాలా వద్దా అని జనం తేల్చుకునేది ఆ పలక చూసే. పత్రికల్లో నక్షత్రాలు పంచిపెట్టేవాళ్ళని ఈ వీధిలో ఎవరూ నమ్మరు. పిలిచి కూర్చోబెట్టి భోజనం పెట్టినవాడి సినిమాని ఎవడు తిడతాడు? ఈ ఐదుగురూ లైన్లో నిలబడి, చెమటలు కక్కుకుంటూ చూసినవాళ్ళు. ఆ తేడా జనానికి తెలుసు.

ఈ వారం సినిమా ఒక తండ్రీ కూతురి కథ. చీటీలు వరసగా విప్పారు. లెక్కల మాస్టారిది మూడుంపావు. పెద్దాసుపత్రిలో పనిచేసే సిస్టరుది నాలుగు. సినిమా పేరు పడగానే ఏడ్చి ఎనిమిది వేసే బస్సు డ్రైవరు కూడా మూడే వేశాడు. తర్వాత టైలరక్క అత్తగారి చీటీ. తొమ్మిది. సరే, పెద్దావిడ, కళ్ళు ఆనవు, సంగీతం విని మార్కు వేస్తుంది, ఎప్పుడో ఒకసారి అలా జరుగుతుంది అనుకున్నారు. ఆఖరి చీటీ టైలరక్కది. అదీ తొమ్మిది.

ఆరేళ్ళలో ఏ సినిమాకీ ఆరున్నర దాటని మనిషి. అక్కడే ఆగాం.

"మాస్టారూ, అది ఆరేమో. తిప్పి చూడండి," అన్నాడు డ్రైవరు.

మాస్టారు నిజంగానే తిప్పి చూశాడు. కింద గీత కొట్టి ఉంది. అంకె కింద గీత కొట్టడం ఆయనే నేర్పాడు అందరికీ, ఇలాంటి గొడవలు రాకూడదని. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. ముప్ఫైఐదేళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పినవాడికి తప్పు ఎక్కడుందో వాసన వస్తుందట. ఆ ముఖమే పెట్టాడు.

"అత్తగారి చీటీ కూడా నువ్వే రాస్తావు కదమ్మా. ఆరేళ్ళలో మీ ఇద్దరి మార్కులూ ఒక్కసారీ కలవలేదు. ఇవాళ రెండూ తొమ్మిదే. అడక్కూడదుగానీ అడుగుతున్నాను. ఆవిడ ఎంత చెప్పారు?"

"నేనేం గోడవతల ఉన్నానా? నన్నడుగు నాయనా," అంది అత్తగారు మూలనున్న కుర్చీలోంచి. "తొమ్మిదే చెప్పాను. పది వేద్దామనుకున్నా. మంచి రాగం మధ్యలో ముందు వరసవాడు తుమ్మాడు. ఒకటి తీసేశా."

సిస్టరు నవ్వాపుకోలేక టీ గ్లాసు పెదాలకి అడ్డం పెట్టుకుంది. టైలరక్కకి మాత్రం నవ్వు రాలేదు. మెడలో వేలాడుతున్న టేపుని వేలికి చుట్టుకుంటూ నిలబడింది. అందరికంటే ఎక్కువ వేసినవాళ్ళూ, తక్కువ వేసినవాళ్ళూ లేచి నిలబడి వాదించుకోవాలన్నది డబ్బా పద్ధతి. బల్లకి అటుపక్క డ్రైవరు లేచాడు. ఆరడుగుల మనిషి, లేస్తే సీలింగు ఫ్యాను గుర్తుచేసుకుని తల వంచుతాడు.

"అక్కా, నీ మీద గౌరవంతోనే అంటున్నా. ఆ కూతురు తండ్రితో ఏమంది? 'చచ్చినా నీ మొహం చూడను' అంది. పదిహేనేళ్ళు వదిలేసి పోయిన తండ్రి, అనాల్సిందే, బాగానే అంది. స్టేషన్లో వాన. ఈవిడగారు చిరిగిన గొడుగేసుకుని విసవిసా వెళ్ళిపోయింది. నేను రుమాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నా. ఇంకేం, మొదలవుతుంది అనుకున్నా. తర్వాత చూస్తే ఏముంది? వాళ్ళింట్లో తండ్రిని కూర్చోబెట్టి భోజనం పెడుతోంది! 'ఇంకొంచెం వేసుకో నాన్నా' అట! మధ్యలో ఏమైంది? ఎందుకు క్షమించింది? ఆ దర్శకుడు మధ్యాహ్నం నిద్రలేచి తీశాడా? రుమాలు ఎలా తీసుకెళ్ళానో అలాగే మడతపెట్టి పొడిగా ఇంటికి తెచ్చా. మా ఆవిడ అడిగింది, ఒంట్లో బాలేదా అని."

"మధ్యలో ఏమైందా?" టైలరక్క టేపు వదిలేసింది. "గొడుగు కుట్టాడు కదయ్యా తమ్ముడూ!"

"ఏ గొడుగు?"

"ఏ గొడుగేంటి? ఆ చిరిగిన గొడుగే. వెయిటింగ్ రూములో."

"ఏ వెయిటింగ్ రూము?"

టైలరక్క ఒక్కొక్కరి ముఖమూ చూసింది. డ్రైవరు ఎగతాళి చెయ్యడం లేదు. నిజంగానే అడుగుతున్నాడు. సిస్టరు కనుబొమలు ముడిపడ్డాయి. మాస్టారు మాత్రం పెన్ను మూత తీశాడు.

"చెప్పమ్మా. ఏం చూశావో వరసగా చెప్పు."

చెప్పింది. తొందరగా కాదు, గుడ్డ కొలిచినట్టు చెప్పింది. ఆ కూతురు విసవిసా వెళ్ళిందా, వెళితే రైలు అప్పటికే పోయింది. వేరే దారి లేక తడుచుకుంటూ వెనక్కొచ్చింది. వెయిటింగ్ రూములో ఉన్నది ఒకటే బల్ల. దాని మీద తండ్రి ఉన్నాడు. ఈవిడ దాని రెండో చివర ముడుచుకుని పడుకుని కళ్ళు మూసుకుంది. నిద్రపోలేదు, మూసుకుందంతే. ఆయన సంచీలోంచి సూదీ దారం తీసి ఆ చిరిగిన గొడుగు ఒళ్ళో పెట్టుకుని కుట్టడం మొదలెట్టాడు. ఒక్క మాట లేదు. వాన, అప్పుడప్పుడు దూరంగా ఇంజను కూత, ఒక్క వయొలిన్. ఆయనకి కుట్టడం రాదు. వంకరటింకరగా కుడుతున్నాడు. విప్పుతున్నాడు, మళ్ళీ కుడుతున్నాడు. కూతురు కళ్ళు సగం తెరిచి చూస్తోంది. ఆయన ఇటు తిరగ్గానే మూసేస్తోంది. తెల్లారేదాకా అంతే.

"నేను హాలుకి పని పట్టుకెళ్తానని మీకు తెలుసు. చీకట్లో చొక్కాలకి బొత్తాలు కుడుతూనే చూస్తాను. ఆరేళ్ళుగా మీ గొప్ప సినిమాలన్నీ అలాగే చూశా. ఏ సినిమాకీ నా చెయ్యి ఆగలేదు. అక్కడ ఆగింది. సూది పట్టుకుని అలా ఉండిపోయా. ఆ సీను అయ్యాక చూస్తే దారం ఒళ్ళంతా చుట్టుకుని ఉంది. అందుకే తొమ్మిది."

సిస్టరు మెల్లగా అంది: "అక్కా... అలాంటి సీను లేదక్కా."

"లేకపోవడమేంటి?"

"మేం ముగ్గురం నిన్న మ్యాట్నీలో పక్కపక్కనే కూర్చున్నాం. ముగ్గురిలో ఒక్కరమైనా చూసి ఉండాలి కదా?"

"నైట్ డ్యూటీ చేసొచ్చి నిద్రపోయుంటావు."

"నేను నిద్రపోతే డ్రైవరన్న గురక పెడుతున్నానని పొడుస్తాడు. నిన్న పొడవలేదు."

"పొడవలేదు," అన్నాడు డ్రైవరు, ప్రమాణం చేస్తున్నవాడిలా చెయ్యెత్తి.

ఇక్కడో పాత సంగతి చెప్పక తప్పదు. రెండేళ్ళ క్రితం ఈ బల్ల దగ్గర ఆరో మనిషి ఉండేవాడు, ప్రింటింగ్ ప్రెస్ బాబాయ్. ఒక సోమవారం సెకండ్ హాఫ్ గురించి గంట సేపు చెప్పాడు. హీరో ఏనుగెక్కి కోర్టుకొచ్చాడన్నాడు, జడ్జీ లేచి నిలబడి పాట పాడాడన్నాడు. ఏనుగూ లేదు, కోర్టూ లేదు. ఇంటర్వెల్లో నిద్రపోయి, వచ్చిన కలకి ఏడు మార్కులు వేశాడాయన. ఆ రోజు అందరికంటే గట్టిగా అరిచింది టైలరక్కే. 'సినిమాలో లేనిది చెప్పినవాళ్ళ చీటీ చెల్లదు. ఏడాది పాటు డబ్బాలో చెయ్యి పెట్టకూడదు' అని పద్ధతి పెట్టిందీ ఆవిడే. బాబాయ్ అలిగి వెళ్ళినవాడు ఏడాదైనా, రెండేళ్ళైనా తిరిగి రాలేదు.

ఆ పద్ధతి ఇప్పుడు ఆవిడ షాపులో, ఆవిడ బల్ల మీద, ఆవిడకే ఎదురుగా కూర్చుంది. మాస్టారు దాని పేరెత్తలేదు. ఎత్తాల్సిన పనిలేదు. అందరి ముఖాల్లోనూ ఏనుగు కనబడుతోంది.

టైలరక్కకి చెవులు వేడెక్కాయి. ఏడాది పాటు సోమవారాలు లేకుండా ఏం చెయ్యాలి? వారమంతా ఎవరెవరి నడుములనో కొలుస్తుంది, ఎవరెవరి మాటలనో పడుతుంది. 'అక్కా సాయంత్రానికి కావాలి, అక్కా ఇక్కడ లూజైంది.' ఆవిడ మాట పదిమంది వినేది, విని పలక మీద రాసేది ఈ రెండు గంటలే. అంతకంటే ముఖ్యం, ఆవిడ అబద్ధం చెప్పలేదు.

"అత్తయ్యా, మీరు విన్నారా లేదా?"

"వినకపోవడమేంటి? నాకున్నవి చెవులేగా." పెద్దావిడ కళ్ళు మూసుకుని, చేత్తో కుర్చీ చెయ్యి మీద తాళం వేసుకుంటూ సన్నగా కూనిరాగం తీసింది. పైకెళ్ళబోయి మనసు మార్చుకుని దిగిపోయే రాగం. మళ్ళీ వెళ్ళబోవడం, మళ్ళీ దిగడం. ఆ వాన, ఆ సూది టైలరక్క కళ్ళ ముందుకొచ్చేశాయి.

"చాలా బావుంది పెద్దమ్మా," అన్నాడు మాస్టారు, "కానీ రాగం సాక్ష్యం కాదు. ఇంట్లో ఇద్దరూ అనుకుని వచ్చారని ఎవరైనా అంటే?"

"అత్తాకోడళ్ళు అనుకుని ఒక మాట చెప్పడం ఎక్కడైనా చూశావా నాయనా?" అంది పెద్దావిడ. "పొద్దున్న టీలో చక్కెర ఎంతో కూడా మాకు కుదరదు."

డ్రైవరు పకపకా నవ్వి, నవ్వు మధ్యలో ఆగిపోయాడు. తల గోక్కున్నాడు.

"ఒక్క మాట. నేను మూడు వేసింది ఎందుకంటే, క్షమించడం ఒకటే కాదు. ఆ సినిమాలో పొరపాట్లున్నాయి. స్టేషన్లో గొడుగు చిరిగి ఉంది కదా? ఇంట్లో భోజనం దగ్గర అదే గొడుగు గుమ్మం దగ్గర ఆరబెట్టి ఉంది. బాగుంది! చిరుగు లేదు! వీళ్ళకి గొడుగు కూడా చూసుకోవడం రాదా అని అక్కడే ఒక మార్కు కోసేశా."

"చిరుగు లేదా, కుట్టు ఉందా?" అని టైలరక్క బల్ల మీదకి వంగింది.

"అంటే... నల్లగుడ్డ మీద తెల్లగా ఏదో గీతలా..."

"తెల్లదారం! ఆయన సంచీలో ఉన్నది తెల్లదారమే! నల్లగొడుగుకి తెల్లదారం ఏంటయ్యా మహానుభావా అని హాల్లోనే నెత్తి కొట్టుకున్నా!"

"పక్కనున్న నా నెత్తి కూడా కొట్టింది," అంది అత్తగారు.

సిస్టరు గ్లాసు కింద పెట్టేసింది. "అక్కా, ఉండు. ఆయన బొటనవేలికి కట్టు."

"ఏ కట్టు?"

"భోజనం చేసేటప్పుడు తండ్రి ఎడమచేతి బొటనవేలికి గుడ్డ కట్టి ఉంది. నేను రోజూ కట్లు కట్టేదాన్ని, నా కళ్ళు అక్కడికే పోతాయి. స్టేషన్లో లేదు. ఎప్పుడు దెబ్బ తగిలింది, ఎవరు కట్టారు, కట్టినవాళ్ళకి ముడి వెయ్యడం కూడా రాదు అనుకున్నా."

"సూది దిగింది!" టైలరక్క గొంతు వీధిలోకి వినపడింది. "గొడుగు గుడ్డ చొక్కా గుడ్డలా నిలబడదు, జారిపోతుంది. అలవాటు లేనివాడి వేలిలోకి సూటిగా దిగుతుంది. రక్తం వచ్చింది. అప్పుడు కూతురు లేచింది. ఏమీ అనలేదు. తన రుమాలు చించి కట్టింది. అంతే, మళ్ళీ వెళ్ళి పడుకుంది. క్షమించింది అక్కడయ్యా తమ్ముడూ!"

డ్రైవరు ముఖం చూడాలి. జేబులోంచి రుమాలు తీశాడు. సినిమాలో చూడని సీనుకి, చెబితే విని, షాపులో నిలబడి ముక్కు చీదాడు. "ఇంత మంచి సీను," అన్నాడు, "నాకెందుకు చూపించలేదు?"

చూశారా, ప్రశ్న మారిపోయింది. ఇందాకటిదాకా 'నువ్వెక్కడ చూశావు' అని. ఇప్పుడు 'నాకెందుకు చూపించలేదు' అని. గొడుగు కుట్టి ఉంది, కుట్టినవాడు లేడు. వేలికి కట్టుంది, గుచ్చుకున్న సూది లేదు. మనుషుల్ని అనుమానించడం మానేసి ఆ ఖాళీ వైపు చూస్తే సగం పని అయిపోతుంది. జనం చెయ్యని పని అదొక్కటే.

"నువ్వు చూసింది ఎక్కడ?" అడిగాడు మాస్టారు. గొంతు మారింది.

"శనివారం నేనూ అత్తయ్యా స్కూలు యూనిఫారాలు ఇవ్వడానికి ఊరవతలికి వెళ్ళాం. వాన పట్టుకుంది. అక్కడి హాల్లో దూరాం. మీరేమో నిన్న మన వీధి హాల్లో చూశారు."

మాస్టారు సంచీలోంచి నోటుబుక్కు తీశాడు. ఆయనకో పిచ్చి ఉంది. ప్రతి సినిమాకీ ఆట ఎప్పుడు మొదలైంది, ఇంటర్వెల్ ఎప్పుడిచ్చారు, ఎప్పుడు వదిలారు, అన్నీ చీకట్లోనే రాస్తాడు. మొట్టమొదట తెర మీద పడే సర్టిఫికెట్టులో ఎన్ని రీళ్ళని ఉందో అదీ రాస్తాడు. ఎందుకు మాస్టారూ అంటే, 'రాసుంటే ఎప్పుడో పనికొస్తుంది' అంటాడు. ఆరేళ్ళలో ఒక్కసారీ పనికిరాలేదు.

"నిన్న మొదలు రెండుంపావు," చదివాడు. "ఇంటర్వెల్ మూడూ ఇరవై. మళ్ళీ మొదలు మూడున్నర. వదిలింది నాలుగూ ఇరవైఐదు. అంటే మొదటి సగం అరవైఐదు, రెండో సగం యాభైఐదు. మొత్తం నూట ఇరవై నిమిషాలు."

"సర్టిఫికెట్టు?" అంది సిస్టరు.

"పద్నాలుగు రీళ్ళు." మాస్టారి పెన్ను గాల్లో ఆగింది. "రీలుకి పది నిమిషాలు. నూట... నలభై."

డ్రైవరు వేళ్ళు మడవడం మొదలెట్టాడు.

"నూట నలభైలోంచి నూట ఇరవై తీసేస్తే ఎంత మాస్టారూ?" అడిగింది టైలరక్క, చాలా మెత్తగా.

పాపం, పెద్దాయన. రెండు తరాలకి తీసివేతలు నేర్పినవాడు. పక్కపక్క గళ్ళలో రెండు అంకెలూ తన చేత్తోనే రాసుకుని, ఒకదాంట్లోంచి ఒకటి తియ్యడం మాత్రం చెయ్యలేదు. చెవుల దాకా ఎర్రబడ్డాడు.

"ఇరవై," అన్నాడు. "రెండు రీళ్ళు. ఎత్తేశాడు. హాలువాడు రెండు రీళ్ళు ఎత్తేశాడు!" లేచి నిలబడి, అందరూ చూస్తుండగా మూడుంపావు అని రాసిన తన చీటీని నాలుగు ముక్కలు చేశాడు. "అమ్మా, నీ తొమ్మిది నిలబడింది. సినిమా చూడకుండా మార్కు వేసింది నువ్వు కాదు, మేం ముగ్గురం. పద్ధతి ప్రకారం చెల్లనిది మా చీటీలు."

"ఏడాది పాటా?" అని హడలిపోయాడు డ్రైవరు.

టైలరక్కకి అప్పుడు వచ్చింది నవ్వు. పొట్ట పట్టుకుని నవ్వింది. "మీరు లేకపోతే నేనెవరితో కొట్టుకోను? అత్తయ్యతోనా? ఆ కొట్లాట వారమంతా ఉండేదే." పలక బల్ల మీదకి లాగి, తడిగుడ్డతో తుడిచి, సుద్దముక్క తీసుకుంది. "ఇవాళ మార్కు లేదు. ప్రశ్న ఉంది."

పలక నిండా రాసింది: *పద్నాలుగు రీళ్ళ సినిమా. మన హాల్లో పన్నెండే. మిగతా రెండు ఏవి?*

ఐదింటికి పది నిమిషాలు తక్కువుండగానే పలక బయట వేలాడింది. ఇస్త్రీ బట్టలు తీసుకెళ్తున్న ఒకావిడ ఆగింది. సైకిలాయన కాలు కింద పెట్టాడు. ఇద్దరు నలుగురయ్యారు, నలుగురు ఇరవైమంది. "నేను కూడా నిన్నే చూశా, ఎక్కడో ఏదో ఎగిరిందనే అనుకున్నా!" అని ఒకరు. "మా ఆవిడ నన్ను తిట్టింది, నీకే అర్థం కాలేదని!" అని ఇంకొకరు. ఎప్పటిలా పలక చూసి హాలుకి పోయేవాళ్ళు ఇవాళ పలక దగ్గరే నిలబడిపోయారు. పావుగంటలో సంగతి హాలు గేటు దాకా పాకింది.

హాలు మేనేజరే స్వయంగా వచ్చాడు. పొట్టి మనిషి, ఇస్త్రీ నలగని చొక్కా, చేతిలో తాళంచెవి తిప్పుకుంటూ ఉంటాడు. వంగి షట్టరు కిందనుంచి లోపలికొచ్చాడు. తిడతాడేమోనని డ్రైవరు ముందుకొచ్చి అడ్డం నిలబడ్డాడు. కానీ ఆయన ముఖంలో కోపం లేదు. నొచ్చుకున్నట్టున్నాడు.

"ఇది న్యాయంగా ఉందా అండీ?" అన్నాడు. "తీసింది నేనే. కాదనను. ఆ రెండు రీళ్ళూ నా గదిలో బీరువాలో భద్రంగా ఉన్నాయి. కానీ తియ్యమన్నది ఎవరు?"

"ఎవరు?" అన్నాడు మాస్టారు.

"మీరే!"

"మేమా?"

"వారం వారం మీ పలక నేను చదవనా? నా కడుపు నిండేదీ ఎండేదీ దాని మీదే కదండీ. ఏం రాస్తారు మీరు? మార్కు కింద ఒక మాట ఉంటుంది. 'రెండో సగం సాగింది. కత్తెర పడాలి.' ప్రతి సినిమాకీ అదే మాట! సరే, జనం మాట, వినాలి కదా అని ఏడు నెలల క్రితం మొదలెట్టా. సెకండ్ హాఫ్‌లో పాటలూ ఫైట్లూ లేని రీళ్ళు చూసి పక్కన పెట్టించా. ఏమైంది? మార్కులు పెరిగాయా లేదా?"

మేనేజరు ఒక్కొక్కరి వైపూ వేలు చూపించాడు.

"పోయిన నెల ఆ దొంగల సినిమాకి ఏడు వేశారు. 'బిగువుగా ఉంది' అని రాశారు. ఆ బిగువు నాదండీ! ఆ ఏడులో కనీసం ఒకటిన్నర నాది! ఎవరికీ చెప్పుకోలేక ఎంత సంతోషపడ్డానో మీకేం తెలుసు?"

సిస్టరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. డ్రైవరు మళ్ళీ ఫ్యాను గుర్తొచ్చినట్టు తల వంచుకున్నాడు. మాస్టారు అప్పటికే నోటుబుక్కు వెనక పేజీలు తిప్పుతున్నాడు. వేలు ఒక్కో గడి మీద ఆగి దిగుతోంది. పెదాలు కదులుతున్నాయి. తీసివేతలు. దొంగల సినిమాలో పది నిమిషాలు. దానికి ముందు వారం ఇరవై. అంతకుముందు ఇరవై. ఏడు నెలలు. ముప్ఫై సినిమాలు. ముప్ఫై సగం సినిమాలకి సగట్లు కట్టి, వీధికి పలక తగిలించి, గర్వంగా ఇళ్ళకి పోయారు.

"ఆ 'కత్తెర పడాలి' అన్న మాట," మేనేజరు నెమ్మదిగా అన్నాడు, "ఎవరి చేతిరాతో నాకు తెలీదు. మీకు తెలిసే ఉంటుంది."

తెలుసు. పలక మీద ఆఖరి మాట రాసేది ఎప్పుడూ ఒకటే చెయ్యి. టైలరక్క తన చెయ్యి తనే చూసుకుంది. సుద్ద ఇంకా అంటుకుని ఉంది. ఏ గుడ్డనైనా చూడగానే ఎక్కడ ఎక్కువుందో కనబడే అలవాటు. సినిమాని కూడా అలాగే చూసింది, అలాగే రాసింది. ఎక్కడో ఒక మనిషి వంకరటింకరగా కుట్టుకుంటూ తెల్లార్లూ కూర్చునే సీను, అది ఎవరికి ఎక్కువైంది?

"రేపు పొద్దున్న తొమ్మిదింటికి మొత్తం పద్నాలుగు రీళ్ళూ వేస్తా," అన్నాడు మేనేజరు. "వీధి అందరికీ. ఊరికే. నేను పొరపాటు చేశా, దిద్దుకుంటా. కానీ ఒక్క షరతు. 'రెండు రీళ్ళు ఏవి' అని అందరూ చూసేలా రాశారు కదా. తియ్యమన్నదెవరో కూడా అక్కడే, అంతే పెద్ద అక్షరాలతో రాయండి."

"రాయకక్కా," అన్నాడు డ్రైవరు వెంటనే. "రేపటినుంచి పలకని ఎవడూ నమ్మడు."

"అది మా అందరి అభిప్రాయం," అన్నాడు మాస్టారు. "నేను రాస్తాను, అందరి పేరునా."

"అందరి పేరూ ఎందుకు మాస్టారూ? చెయ్యి నాది."

టైలరక్క బయటికెళ్ళి పలక తెచ్చింది. గుంపు కూడా షట్టరు దగ్గరికి జరిగింది. వంగి తొంగిచూస్తున్న ముఖాలు అడుగుకి రెండు చొప్పున. పలక బల్ల మీద పెట్టి శుభ్రంగా తుడిచింది. ఒక్క నిమిషం ఆలోచించింది. తర్వాత ఆగకుండా మూడు వరసలు రాసి, పలకని మేనేజరు వైపు తిప్పింది.

"ఏం రాసింది? ఎవరైనా చదవండర్రా," అంది మూలనుంచి అత్తగారు.

డ్రైవరు చదివి, పక్కకి జరిగి సిస్టరుకి చోటిచ్చాడు. సిస్టరు చదివి మాస్టారి వైపు చూసింది. మాస్టారు చదివి, మళ్ళీ మొదటినుంచి చదివాడు.

మేనేజరు పెదాలు కదుపుతూ నెమ్మదిగా చదివాడు. మొదటి వరసకి తల ఊపాడు. రెండో వరసకి చిన్నగా నవ్వాడు. మూడో వరస దగ్గర, తిరుగుతున్న తాళంచెవి వేలిమీదనుంచి జారి, బల్ల కింద రాలిన బొత్తాల్లో ఎక్కడో పడింది. ఆయన వంగి వెతకలేదు. ఆవిడ ముఖంలోకి చూసి, ఇద్దరికే వినపడేంత చిన్నగా అడిగాడు:

"ఈ సంగతి మీకు ఎవరు చెప్పారు?"

మూడో వరసలో ఏముందో వచ్చేవారం.